కీర్తియు, పరపతియు



కంపెనీలు మన గ్రామములలో చేయుచున్న ధర్మకార్యములను గూర్చియు, వానివలన ఆ కంపెనీలకు వచ్చు మంచిపేరును గూర్చియు నేడు నాలుగు మాటలు చెప్పదలచినాను. జీవితమంతయు పిల్లలకు ఛందస్సును వ్యాకరణమును బోధించిన తెలుగు పండితునికి కంపెనీల లెక్కలతో నేమి ప్రసక్తి యని తమకు తోచవచ్చును. ప్రసక్తి యొకప్పుడు కలిగినది. అది నాకు గౌరవము తెచ్చినది కాదు. ఆ కథ దాచకుండ చెప్పెదను గాని, దానికి ముందు రెండు మాటల యర్థము విడదీసికొనవలసి యున్నది.

మంచిపేరునకు మనకు పెక్కు మాటలు కలవు. దానము మొదలగువానివలన వచ్చునది కీర్తి యనియు, శౌర్యము మొదలగువానివలన వచ్చునది యశస్సనియు పండితులు భేదము చెప్పుదురు. ఇవి సభలలో వినబడు మాటలు. అంగడివీధిలో వినబడు మాట వేరొకటి కలదు, అది పరపతి. ఒకనికి ఊరిలో పరపతి కలదన్నచో, దుకాణదారుడు మారుమాటాడక అరువిచ్చుననియు, పత్రము వ్రాయింపకయే అప్పు పుట్టుననియు అర్థము. అప్పులిచ్చు సహకారసంఘమును పరపతిసంఘమనుట అందరెరిగినదే. సత్రము కట్టించినవానికి కీర్తి వచ్చును. చెప్పిన గడువునకు బాకీ తీర్చినవానికి పరపతి వచ్చును. సత్రము కట్టించి, ఆ గోడలు లేపిన తాపీపనివారి కూలి యెగవేసినవానికి కీర్తి యుండవచ్చునేమో కాని పరపతి యుండదు. ఊరిలోని మనుష్యుల విషయమున ఈ భేదము మనకు బాగుగనే తెలియును. కంపెనీ వచ్చినప్పుడు మాత్రము మరచిపోవుచున్నాము.

ఏల మరతుము? కంపెనీ మనకు మనిషివలె కనబడదు. మన తాతముత్తాతలు కుంపిణీ యన్న మాటతో నెరిగినది ఈస్టిండియా కంపెనీని, అనగా వర్తకమునకు వచ్చి రాజ్యమేలినదానిని. ఇప్పటివి అట్టివి కావు. అనేకులు వాటాలు వేసికొని చట్టప్రకారము నమోదు చేయించుకొన్న వర్తకసంఘములివి. చట్టము దృష్టిలో కంపెనీ యొక వ్యక్తి. తన పేర ఆస్తి కొనగలదు, దావా వేయగలదు. కాని ఆ వ్యక్తిని రచ్చబండకడకు పిలిచి, కూర్చుండబెట్టి యడుగ వీలులేదు. దాని గుణము దాని పనివలననే తెలియవలెను. పనులలో కంటికి ముందుగా కనబడునది దానము: నీలిరంగు అక్షరములతో పేరు వ్రాసిన నీళ్లతొట్టి, బడి ప్రహరీగోడ, రోడ్డుప్రక్కన బస్సు షెల్టరు. లెక్కపుస్తకము మనకు కనబడదు. రాత్రివేళ కాలువలోనికి విడిచిన నీరును కనబడదు.

పేరుతో కంపెనీకి పని చాల కలదు. పేరున్న కంపెనీకి బ్యాంకులు నమ్మి అప్పిచ్చును. వాటాలు కొనువారును, ఉద్యోగమునకు చేరు చదువరులును ముందుకు వత్తురు. కర్మాగారము పెట్టదలచిన చోట గ్రామస్థులు అడ్డుచెప్పరు. పేరుకొరకు ధర్మము చేయుట దోషమని నేననను. చెరువు, దేవాలయము, అగ్రహారము, వనము, నిధి, కృతి, పుత్రుడు అని మన పెద్దలు సప్తసంతానములను లెక్కించినది అవి కర్త పేరును నిలుపుననియే కదా. మన శిలాశాసనములలో దాత పేరును బిరుదులును విరివిగానే యుండును. అయినను శాసనము అంతటితో నిలువదు. ఇచ్చిన భూమి యెంత, దానికి తూర్పున నేమున్నది, పడమట నేమున్నది, ఎవరికొరకు ఏ పనికొరకు ఇచ్చిరి అని రాతిమీద చెక్కింతురు. చదివినవాడు పొలమునకు పోయి హద్దులు సరిచూచుకొనవచ్చును. నేటి నీళ్లతొట్టిమీద పేరుండును గాని హద్దులుండవు.

ఇక చట్టము సంగతి. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములో 135వ సెక్షను కలదు. అది 2014 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్నది. ఏ కంపెనీకైనను నికరాస్తి 500 కోట్ల రూపాయలుగాని, సాలుకు వ్యాపారము 1,000 కోట్లుగాని, నికరలాభము 5 కోట్లుగాని యున్నచో, ఈ మూడింటిలో ఏదో యొకటి యున్నను చాలును, ఆ కంపెనీ గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులకు తక్కువకాకుండ లోకోపకారమునకు వ్యయపరుపవలెను. దీనికి కంపెనీల సామాజిక బాధ్యత యని పేరు. ఆకలి తీర్చుట, విద్య, వైద్యము, త్రాగునీరు, పారిశుద్ధ్యము, చెట్లు పెంచుట మొదలైన పనుల పట్టిక చట్టమునకు అనుబంధముగా నున్నది. తాను వ్యాపారము చేయు చోటికిని, దాని చుట్టుప్రక్కలకును ప్రాధాన్యమీయవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. తొలుత కొన్నియేండ్లు, సొమ్ము ఖర్చు పెట్టనివారు ఏల పెట్టలేదో నివేదికలో కారణము వ్రాసికొన్న చాలునన్నట్లుండెను. 2021నుండి ఆ సడలింపు పోయినది. మిగిలిన సొమ్మును నిర్ణయించిన ఖాతాకో నిధికో జమకట్టవలెను, కట్టనిచో జరిమానా.

దీనివలన నాకు తోచినదేమనగా, మన బడికి వచ్చిన బల్లలు దానము కావు. చట్టము విధించిన బాకీలో కొంతభాగము. ఏ యూరికి ఏ పని చేయవలెననుట కంపెనీ యిష్టము గనుక, మన యూరిని ఎన్నుకొన్నందులకు మర్యాదగా కృతజ్ఞత చెప్పవచ్చును. తలవంచుకొని పుచ్చుకొనవలసిన పని లేదు. నూరు కోట్లు లాభము వచ్చినచోట రెండు కోట్లు ఇచ్చుచున్నారు. తక్కిన తొంబదియెనిమిది కోట్లు ఎట్లు వచ్చినవో, ఎవరి కూలిలోనుండి, ఎవరి నేలనుండి, ఎవరి నీటినుండి వచ్చినవో ఆ రెండు కోట్ల ఫలకము చెప్పదు.

నియమములలో మరియొక మాట కలదు. దీనిని పెద్దలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. వేరొక చట్టమువలన ఎట్లును చేయవలసియున్న పనిని కంపెనీ ఈ సామాజిక బాధ్యతలో లెక్క చూపరాదు. తన వ్యర్థజలమును శుద్ధిచేయుట తన విధి. దానిని ధర్మముగా చెప్పుకొనరాదు. తన పనివారికి మాత్రమే కలుగు మేలును గాని, తన సరకు ప్రచారమునకిచ్చిన విరాళమును గాని, రాజకీయపక్షమునకిచ్చిన సొమ్మును గాని చూపరాదు.

కీర్తిని చూచి పరపతి యనుకొన్నచో నేమగునో తెలుపు కథ మన తెలుగునాటనే జరిగినది. హైదరాబాదులో 1987లో సత్యం కంప్యూటర్సు అను కంపెనీ పుట్టినది. దాని వ్యవస్థాపకులు బైర్రాజు రామలింగరాజు. ఇరువదేండ్లలో అది దేశదేశములలో వ్యాపారము చేయుచు, సుమారు ఏబదివేలమందికి ఉద్యోగములిచ్చినది. రాజుగారి కుటుంబము 2001లో తండ్రి పేర ఫౌండేషను నెలకొల్పి, గోదావరి ప్రాంతపు పల్లెలలో శుద్ధజలము, వైద్యము, చదువు మొదలగు పనులు చేసినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ఆరంభమైనదియు వారి పూనికచేతనే. ఇంతకంటె కీర్తి యేమి కావలెను? 2008లో ఆ కంపెనీకి, ఉత్తమమైన పరిపాలన కలదని చెప్పి, గోల్డెన్ పీకాక్ అను అంతర్జాతీయ బహుమానమునుకూడ ఇచ్చిరి.

ఆ సంవత్సరమే డిసెంబరు 16న, రాజుగారి కుటుంబమునకు చెందిన మేటాస్ అను పేరుగల రెండు కంపెనీలను సత్యం సొమ్ముతో కొందుమని ప్రకటించిరి. సత్యం అను మాట ఇంగ్లీషు అక్షరములను చివరినుండి మొదటికి చదివినచో మేటాస్ అగును, పేరులోనే తిరుగబడియున్నది. వాటాదారులు మండిపడగా కొన్ని గంటలలోనే మానుకొనిరి. తరువాత మూడువారములకు, 2009 జనవరి 7న, లెక్కలు అబద్ధములని రాజుగారు తామే లేఖ వ్రాసి యొప్పుకొనిరి. పుస్తకములలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని చూపియుండగా, అందులో 5,040 కోట్లు లేనేలేవు. బహుమానమిచ్చినవారు దానిని వెనుకకు తీసికొనిరి. ఆ యేడు ఏప్రిలులో కంపెనీ టెక్ మహీంద్రావారి చేతిలోనికి పోయినది. 2015 ఏప్రిలు 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రాజుగారికిని మరికొందరికిని ఏడేండ్ల శిక్ష విధించినది. అప్పీలు మీద పై న్యాయస్థానము శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చినది.

ఈ కథ చెప్పి, ఆ దానములన్నియు బూటకములని నేననలేను. నడిరాత్రి పిలువగనే వచ్చిన 108 బండి ఎందరి ప్రాణములు నిలిపినదో మీకు తెలియనిది కాదు. కంపెనీ కూలిన పిమ్మట మరియొక సంస్థ నిర్వహణకు పూనుకొనుటవలనను, వ్యయము ప్రభుత్వములు వహించుటవలనను అది నిలిచినది. ఈనాటికిని రెండు తెలుగు రాష్ట్రములలో ఆ సంఖ్యకే పిలుచుచున్నాము. దానము నిజమైనది. లెక్క అబద్ధమైనది. రెండును ఒకచోటనే యుండెను. దానమును చూచి లెక్కను నమ్మినవారిదే పొరపాటు, ఆ పొరపాటు చేసినవారిలో బ్యాంకులవారు, విదేశీయులు, బహుమానములిచ్చు పండితులు నుండిరి. మన గ్రామస్థులను మాత్రమే అమాయకులనుట తగదు.

పరపతి యెట్లు వచ్చునో చూడవలెనన్నచో జంషెడ్పూరును చూడవచ్చును. మన ఉత్తరాంధ్రమునుండి టాటానగరమునకు పనికి పోయి స్థిరపడిన కుటుంబములు పెక్కు కలవు గనుక ఆ యూరు మనకు పరాయిది కాదు. అచ్చటి ఉక్కు కర్మాగారములో 1912లోనే ఎనిమిది గంటల పనిదినము పెట్టిరి. 1920లో జీతముతో సెలవును, ప్రావిడెంటు ఫండును పెట్టిరి. చట్టము నిర్బంధింపకముందే చేసిన పనులివి, తమ యింటిలోని పనివారికి చేసినవి. అంతమాత్రమున అక్కడ అంతయు సుఖమే యని కాదు. 1920లోను, 1928లోను పెద్ద సమ్మెలు జరిగినవి. పనివాడు నిలదీసి యడిగిన చోటనే పరపతి గట్టిపడునని నాకు తోచుచున్నది. ఇది నా యభిప్రాయము మాత్రమే.

ఇప్పుడు నా కథ. నేను పనిచేసిన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు మూడు మైళ్ల దూరమున ఒక రసాయన కర్మాగారము కలదు. దాని పేరు చెప్పను. 2016లో ఆ కంపెనీవారు మా బడికి నలువది బల్లలును, ఒక నీళ్లతొట్టియు ఇచ్చిరి. అంతకుముందు మా పిల్లలు నేలమీద కూర్చుండి వ్రాసికొనుచుండిరి గనుక మా సంతోషమునకు మేర లేదు. ప్రారంభోత్సవమునాడు నన్ను పద్యములు చెప్పుమనిరి. నేను రెండు సీసములును, ఒక చంపకమాలయు రచించి చదివితిని. కంపెనీని శిబితోను కర్ణునితోను పోల్చితిని. శిబి తన తొడమాంసము కోసి యిచ్చెను. నూటికి రెండు వంతులని లెక్క చూచుకొనలేదు. అప్పుడు నాకా చట్టము తెలియదు. తెలిసినను ఆనాటి యుత్సాహములో పోల్చియుందునేమో! కంపెనీ మేనేజరుగారు ఆ పద్యములను అచ్చు వేయించి, పటము కట్టించి తమ కార్యాలయపు ముందరి గదిలో తగిలించిరి.

రెండేండ్లకు, వానలు వెనుకబట్టిన కాలమున, కర్మాగారమునకు దిగువనున్న బావులలో నీరు రంగు మారినది. పశువులు మూతి పెట్టి వెనుకకు తీసికొనుచున్నవని రైతులు చెప్పిరి. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ వ్రాసిపెట్టుమని నాయొద్దకు వచ్చిరి. ఊరిలో అర్జీలు వ్రాయునది నేనే. నేను వ్రాయలేదు. రేపనియు, ఎల్లుండియనియు అంటిని. నీరు చెడుటకు వేరు కారణములుండవచ్చునంటిని. నిజమునకు ఆ పటము నా కన్నులయెదుట కదలుచుండెను. పదునైదు దినములు గడచినవి. ఒకనాటి సాయంకాలము ఒక వృద్ధ రైతు మా యరుగుమీద కూర్చుండి, నెమ్మదిగా, "పంతులుగారూ, మీ బల్లమీద కూర్చున్న పిల్లోడు సాయంత్రం ఇంటికొచ్చి ఆ బావి నీళ్లే తాగుతాడండీ" అనెను. కోపముతో అన్న మాట కాదు. ఆ రాత్రియే అర్జీ వ్రాసితిని. ఆ పదునైదు దినములలో ఎందరు ఆ నీరు త్రాగిరో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టుటకు ధైర్యము చాలలేదు.

మండలివారు వచ్చి నీటి నమూనాలు తీసికొనిపోయిరి. కొంతకాలమునకు, శుద్ధియంత్రము బాగుచేయవలెననియు, అంతవరకు దిగువ గ్రామములకు మంచినీరు సరఫరా చేయవలెననియు కంపెనీకి ఉత్తరువు వచ్చినది. ట్యాంకరు వచ్చినది. దానిమీద కంపెనీ పేరును, సామాజిక సేవ అను మాటయు పెద్ద అక్షరములతో నుండెను. మరుసటి యేడు నా పాతశిష్యుడొకడు కంపెనీ వార్షిక నివేదికను ఫోనులో చూపెను. గ్రామములకు త్రాగునీరు అని ఆ ట్యాంకరు ఖర్చును సామాజిక బాధ్యత పద్దులో చూపియుండిరి. తాము చెరచిన నీటికి బదులుగా, ఉత్తరువుప్రకారము తెచ్చిపోసిన నీరు ధర్మమైనది! గ్రామసభలో ఈ సంగతి యడిగితిమి. వచ్చిన యధికారి మొదట నవ్వెను, తరువాత చట్టపు ప్రతిని చూచి, పై వారితో చెప్పెదననెను. తరువాతి నివేదికలో ఆ పద్దు లేదు. మా బావులలో రెండు బాగుపడినవి. ఒకటి ఇంకను బాగుపడలేదు.

ఇందువలన పెద్దలకు ఉపయోగించునవి కొన్ని చెప్పెదను. సామాజిక బాధ్యతక్రింద ఎంత సొమ్ము, ఏ పనికి, ఎచ్చట ఖర్చుపెట్టిరో కంపెనీ తన వార్షిక నివేదికలో చూపవలెను. కేంద్ర కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖవారు కూడ కంపెనీలవారీగా ఈ లెక్కలను అంతర్జాలములో ప్రకటించుచున్నారు. మీ యింటిలో కళాశాలకు పోవు పిల్లలచేత చదివించుకొనవచ్చును. కర్మాగారము నడుపుటకు 1974వ సంవత్సరపు నీటి కాలుష్య చట్టముప్రకారము మండలి సమ్మతిపత్రమియ్యవలెను. ఆ పత్రములో షరతులుండును. ఆ షరతులును, నీటి పరీక్షల ఫలితములును 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టముక్రింద అడుగవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో బదులీయవలెను. క్రొత్త కర్మాగారములకు పెక్కింటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగును. ఆ సభలో బడి కట్టింతుము, రోడ్డు వేయింతుము అని వాగ్దానములు చేయుదురు. చప్పట్లు కొట్టి ఇంటికి పోక, ఆ మాటలు సభాకార్యక్రమములో వ్రాయబడినవో లేదో చదివించుకొని పోవలెను. వ్రాయని మాటకు సాక్షులు ఇంటికి చేరులోపలనే మరతురు.

బల్లలు వలదని నేను చెప్పను. మా బడిలో ఆ నలువది బల్లలు ఇప్పటికిని ఉన్నవి, పిల్లలు వానిమీదనే కూర్చుండుచున్నారు. నా పద్యముల పటము కూడ ఆ కార్యాలయములో అట్లే యున్నదని వినుచున్నాను. ఒకసారి పోయి, దయచేసి తీసివేయుడని యడిగితిని. మేనేజరు మారినాడు; క్రొత్తవాడు మర్యాదస్తుడు. పద్యములు చాల బాగున్నవనియు, గోడకు అందముగా నున్నవనియు చెప్పి, కాఫీ యిచ్చి పంపెను.

నిరుడు వేరొక కంపెనీవారు మా గ్రామమునకు వచ్చి గ్రంథాలయము కట్టించెదమనిరి. ఉద్యోగవిరమణ చేసి యింటిలో గ్రంథములే సావాసముగా నున్న నాకు ఇంతకంటె కావలసినదేమి? శంకుస్థాపన సమయమునకు నాలుగు పద్యములు కావలెనని కూడ అడిగిరి. పద్యములు తరువాత చెప్పెదను, ముందుగా తమ కర్మాగారపు నీటి పరీక్షాపత్రములు గడచిన సంవత్సరమునవి పంపుడంటిని. తప్పక పంపుదుమనిరి. గ్రంథాలయమునకు పునాదులు తీసిరి, గోడలు కిటికీలదాక లేచినవి. పత్రములు ఇంకను రాలేదు. పద్యములు నేనింకను మొదలుపెట్టలేదు.